పిండి ఒక పూట, ప్రొటీన్ ఒక పూట, కొవ్వు ఒక పూట: ఇలా విడదీసి తినాలా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. బరువు 72 కిలోలు ఉండేదాన్ని. ఈమధ్య రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ అంచున ఉన్నారని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి మా అన్నయ్య చెప్పిన పద్ధతి పాటిస్తున్నాను. ఉదయం పిండిపదార్థాలు మాత్రమే: పండ్లు, బ్రెడ్, అన్నం. మధ్యాహ్నం ప్రొటీన్లు మాత్రమే: గుడ్డు తెల్లసొన, చేప, చికెన్, ఉడికించిన పప్పులు. రాత్రి కొవ్వులు మాత్రమే: వేరుశనగలు, బాదం, చీజ్, వెన్న. అన్నీ కలిపి తింటే కడుపులో అరగక కుళ్లిపోతాయట. పైగా పిండి తిన్నప్పుడు ఇన్సులిన్ పెరుగుతుంది కాబట్టి, దాంతో పాటు కొవ్వు తింటే అది నేరుగా ఒంట్లో చేరిపోతుందట. నెల దాటింది, 3 కిలోలు తగ్గాను. కానీ మలబద్ధకం మొదలైంది. ఉదయం పదకొండయ్యేసరికి విపరీతమైన ఆకలి, చిరాకు. కొనసాగించమంటారా? మా అబ్బాయికి 12 ఏళ్లు, నన్ను చూసి వాడూ అన్నంలో పప్పు వద్దంటున్నాడు. మావారు కూడా పోయిన వారం నుంచి నాతో పాటు మొదలుపెట్టారు. ఆయనకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర ఉదయం, రాత్రి వేసుకుంటారు. రెండు మూడు సార్లు రాత్రిపూట చెమటలు పట్టాయన్నారు, ఉక్కపోత వల్లేమో అనుకున్నాం.

– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరున రాసిన విషయంతోనే మొదలుపెడతాను. మీవారు ఈ పద్ధతిని ఇవాళే ఆపాలి. ఆ చెమటలు ఉక్కపోత వల్ల కాకపోవచ్చు.

గ్లిమిపిరైడ్ పాంక్రియాస్‌ (క్లోమ గ్రంథి) చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనిషి ఏం తిన్నాడు, అందులో పిండి ఉందా లేదా అని ఆ మాత్ర చూడదు, తన పని తాను చేసుకుపోతుంది. రాత్రి మాత్ర వేసుకుని కాసిని బాదంపప్పులు, చీజ్ తిని పడుకుంటే రక్తంలోకి వచ్చే గ్లూకోజ్ చాలా తక్కువ, దాన్ని కిందికి దించే ఇన్సులిన్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. రక్తంలో షుగర్ 70 మిల్లీగ్రాముల కంటే దిగితే చెమటలు, వణుకు, గుండెదడ, కంగారు వస్తాయి. ఇంకా దిగితే మాట తడబడటం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ తొలి హెచ్చరికలు తెలియకపోయే ప్రమాదం ఉంది. మళ్లీ అలా చెమటలు పడితే వీలుంటే గ్లూకోమీటర్‌తో చూడండి. చూడటం వీలుకాకపోతే షుగర్ పడిపోయిందనే అనుకుని, ఆయన మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూసి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇలాంటప్పుడు చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను త్వరగా ఒంటబట్టనివ్వదు. మాత్ర మోతాదు మీరే తగ్గించవద్దు. ఈ చెమటల సంగతి, తిండి మార్చిన సంగతి రెండూ ఆయన డాక్టరుకు రేపే చెప్పండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు మాత్రం ఇంకా ఎక్కువ.

ఇక మీ సంగతికి వస్తాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో విలియం హోవర్డ్ హే అనే డాక్టరు వందేళ్ల కిందటే దీన్ని ప్రచారం చేశాడు. ప్రొటీన్ అరగడానికి ఆమ్లం కావాలి, పిండి అరగడానికి క్షారం కావాలి, రెండూ ఒకే పూటలో పడితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది, కాబట్టి మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉండాలి అన్నాడు. వినడానికి సైన్సులాగే ఉంటుంది. అందులో సగం నిజం కూడా. ఆ సగం వల్లే ఇది ఇంతకాలం బతికింది.

నిజమైన సగం ఏమిటంటే, నోట్లో లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది, పొట్టలోకి వెళ్లి యాసిడ్ తగిలాక అది పనిచేయడం మానేస్తుంది. పొట్టలో పెప్సిన్ ప్రొటీన్ మీద పనిచేస్తుంది, దానికి గట్టి ఆమ్లం కావాలి. ఇక్కడిదాకా హే చెప్పింది సరిపోతుంది. కానీ జీర్ణం అక్కడితో అయిపోతుందని అనుకోవడమే పొరపాటు. అసలు పని జరిగేది చిన్నపేగులో. పొట్ట తిన్నదాన్ని బాగా మెదిపి, దాదాపు ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యాక కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. అది చిన్నపేగులోకి రాగానే పాంక్రియాస్ బైకార్బనేట్ అనే క్షారం పంపి ఆ యాసిడ్‌ను విరిచేస్తుంది. ఆ రసంలోనే పిండికి అమైలేజ్, ప్రొటీన్‌కు ట్రిప్సిన్, కొవ్వుకు లైపేజ్ కలిసే వస్తాయి. మూడూ ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే రకం వాతావరణంలో పనిచేస్తాయి. లోపలికి పీల్చుకునేటప్పుడు కూడా ఒకే గుమ్మం దగ్గర జనం తోసుకున్నట్టు ఉండదు. గ్లూకోజ్‌ను లోపలికి తీసుకునే ఏర్పాటు వేరు, ప్రొటీన్ ముక్కలను తీసుకునేది వేరు, కొవ్వు అయితే రక్తంలోకి నేరుగా కాకుండా ముందు లింఫ్ నాళాల్లోకి వెళుతుంది. ఏదో జబ్బు వల్ల పొట్టను పూర్తిగా తీసేసినవాళ్లు కూడా ప్రొటీన్ తిని అరిగించుకోగలుగుతున్నారు. హే చెప్పినట్టు పొట్టలోనే అంతా తేలిపోయేదైతే వాళ్లకు అది సాధ్యమయ్యేది కాదు.

కుళ్లిపోవడం గురించి కూడా చెప్పాలి. కుళ్లాలంటే బ్యాక్టీరియా పెరగాలి. పొట్టలో యాసిడ్ ఎంత ఘాటుగా ఉంటుందంటే చాలా రకాల బ్యాక్టీరియా అక్కడ బతకలేవు. పులియడం జరిగేది పెద్దపేగులో, అదీ ఎక్కువగా మనం అరిగించుకోలేని పీచు మీద. అది మనకు మంచిదే. మాంసం, అన్నం కలిపి తిన్నవాళ్లకు గ్యాస్ వచ్చిందంటే సాధారణంగా అది ఎంత తిన్నారు, ఎంత గబగబా తిన్నారు, అందులో ఎన్ని పప్పులు, ఉల్లిపాయలు ఉన్నాయి, పాలు పడతాయా లేదా అన్న లెక్క. కలిపినందుకు కాదు.

అసలు విడదీయడం మన చేతుల్లో ఉందా అన్నది ఇంకో ప్రశ్న. మీరు మధ్యాహ్నం ప్రొటీన్ అని తింటున్న పప్పుల్లో, వండకముందు లెక్కన, వంద గ్రాములకు ప్రొటీన్ 20 నుంచి 25 గ్రాములు, పిండి 60 గ్రాముల దాకా. అంటే మీ ప్రొటీన్ పూటలో తినే పప్పులో ప్రొటీన్ కంటే పిండే ఎక్కువ. రాత్రి కొవ్వు అని తింటున్న వేరుశనగల్లో దాదాపు సగం కొవ్వే, కానీ పావు వంతు ప్రొటీన్, ఇంకా 16 గ్రాముల దాకా పిండిపదార్థం. చీజ్‌లో ప్రొటీన్ తక్కువేమీ కాదు. ఉదయం బియ్యంలోనూ వందకు 7 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఇక పాలు! ఆవుపాలలో చక్కెర, కొవ్వు, ప్రొటీన్ మూడూ కొంచెం అటూ ఇటూగా సమానంగా ఉంటాయి. మీ అన్నయ్య పద్ధతిలో వాటికి ఏ పూటలో చోటో నాకు తెలియడం లేదు. తల్లిపాలలోనూ లాక్టోజ్ అనే చక్కెర, కొవ్వు, ప్రొటీన్ మూడూ కలిసే ఉంటాయి. పుట్టిన మొదటి ఆరు నెలలు బిడ్డ దాని మీదే పెరుగుతుంది. మూడింటినీ కలిపి అరిగించుకోలేని శరీరమే అయితే మనలో ఎవరమూ ఏడో నెల చూసేవాళ్లం కాదు.

ఇన్సులిన్ వాదన దీనికంటే కాస్త బలమైనది. జాగ్రత్తగా చూద్దాం.

ఇన్సులిన్ పెరిగినప్పుడు కొవ్వు కణాలు కొవ్వును లోపలికి తీసుకుంటాయి, ఉన్న కొవ్వును బయటికి వదలడం తగ్గిస్తాయి. ఇది నిజమే. దాన్నిబట్టి, ఇన్సులిన్ లేని పూట కొవ్వు తింటే అది నిల్వ కాదు అనుకుంటున్నారు. ఈ లెక్క మూడు చోట్ల తప్పుతుంది. మొదటిది, ఇన్సులిన్ పిండికి మాత్రమే పెరగదు. 1997లో ఆస్ట్రేలియాలో సుసానా హోల్ట్, జెన్నీ బ్రాండ్-మిల్లర్ బృందం 38 రకాల ఆహారాలను ఒకే కేలరీల లెక్కన తినిపించి ఇన్సులిన్ కొలిచింది. పిండి దాదాపు లేని మాంసం, చేపలకు కూడా ఇన్సులిన్ గణనీయంగా పెరిగింది. కాబట్టి మీ మధ్యాహ్నం పూట ఇన్సులిన్ లేని పూట కాదు. రెండోది, కొవ్వు కణాలు కొవ్వు వదలడం తగ్గించడానికి కొద్దిపాటి ఇన్సులిన్ చాలు, అది ఖాళీ కడుపున కూడా రక్తంలో కాస్త ఉంటూనే ఉంటుంది. మూడోది నాకు చాలా ఆసక్తిగా అనిపించే విషయం. తిన్న కొవ్వు అంతా ఆ పూటే రక్తంలోకి రాదు. కొంత పేగు గోడలోని కణాల్లోనే ఆగి, తర్వాతి పూట ఏదైనా తినగానే బయటికి వస్తుంది. అంటే మీరు రాత్రి తిన్న వెన్నలో కొంత భాగం, ఉదయం పండ్లు, బ్రెడ్ తిన్నాక రక్తంలోకి రావచ్చు. మీరు పళ్లెంలో ఎంత జాగ్రత్తగా విడదీసినా లోపల అవి కలుసుకుంటాయి.

చివరికి ఒంట్లో కొవ్వు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది ఒక్కో పూట మీద కాదు, ఇరవై నాలుగు గంటల మొత్తం మీద, వారాల మొత్తం మీద ఆధారపడుతుంది. భోజనం తర్వాత కొంత కొవ్వు నిల్వలోకి వెళ్లడం, రెండు భోజనాల మధ్య, నిద్రలో అది బయటికి రావడం ఎవరికైనా రోజూ జరిగేదే. లోపలికి వెళ్లేది బయటికి వచ్చేదాని కంటే ఎక్కువైతే లావవుతాం. ఒక గ్రాము పిండిలో 4 కేలరీలు, ప్రొటీన్‌లో 4, కొవ్వులో 9. ఏ పూట తిన్నా ఈ అంకెలు మారవు.

వాదనలు పక్కన పెట్టి మనుషుల మీద చూశారా అంటే చూశారు. 2000 సంవత్సరంలో స్విట్జర్లాండ్ పరిశోధకులు 54 మంది స్థూలకాయులను ఆసుపత్రిలోనే ఉంచి ఆరు వారాలు పరీక్షించారు. అందరికీ రోజుకు 1100 కేలరీలు. ఒక బృందానికి పిండిపదార్థాలు, కొవ్వులు ఒకే పూటలో పడకుండా విడదీసి పెట్టారు, ఇంకో బృందానికి అన్నీ కలిపి పెట్టారు. విడదీసి తిన్నవాళ్లు సగటున 6.2 కిలోలు తగ్గారు, కలిపి తిన్నవాళ్లు 7.5 కిలోలు. గణాంకాల ప్రకారం ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు, రెండూ సమానమే అన్నారు. కేలరీలు సమానంగా ఉంచితే విడదీయడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. దీని మీద ఇంతకంటే నేరైన పరీక్ష మనకు అక్కర్లేదనే నా అభిప్రాయం.

మరి మీరు 3 కిలోలు ఎలా తగ్గారు?

తక్కువ తిన్నారు కాబట్టి. దీన్ని చిన్నచూపు చూడటం లేదు, తక్కువ తినగలగడం కష్టమైన పనే. ఈ పద్ధతి ఆ పని మీకు తెలియకుండానే చేయిస్తుంది. కొవ్వు, పిండి కలిసిన తిండి మనల్ని ప్రత్యేకంగా లాగుతుంది. 2018లో జరిగిన ఒక ప్రయోగంలో ఒకే కేలరీలున్న చిరుతిళ్లకు ఎంత డబ్బు ఇస్తారని అడిగితే, కొవ్వు ఒక్కటే లేదా పిండి ఒక్కటే ఉన్నవాటి కంటే రెండూ ఉన్నవాటికి జనం ఎక్కువ ఇస్తామన్నారు. వేపుళ్లు, కేకులు, బిస్కెట్లు, ఐస్‌క్రీములు అన్నీ ఆ జాతివే. మీ నియమం వాటిని ఏ పూటలోనూ అనుమతించదు. ఇంకోటి, పళ్లెంలో రకాలు తగ్గితే తినేదీ తగ్గుతుంది. బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త 1980లలోనే దీన్ని ప్రయోగాలతో చూపింది. ఒకే రుచి కాసేపటికే మొహం మొత్తుతుంది, కొత్త రుచి వస్తే మళ్లీ తింటాం. వట్టి చీజ్, వట్టి వెన్న ఎంతని తింటారు? ఇవి కాక, తిండి తగ్గించిన మొదటి వారాల్లో ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (శరీరం దాచుకునే గ్లూకోజ్) తగ్గుతుంది. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీళ్లు పోతాయి. మీ 3 కిలోల్లో కొంత ఆ నీళ్లే. మళ్లీ మామూలుగా తినగానే ఆ కొంత తిరిగి వస్తుంది, కంగారు పడకండి.

అంటే మీకు మేలు చేసింది తగ్గిన తిండి. ఇబ్బందులు పెట్టింది విడదీయడం. ఆ ఇబ్బందులనే ఇప్పుడు చూద్దాం.

పదకొండు గంటల ఆకలి: వట్టి పిండి, పండ్లు పొట్టలోంచి త్వరగా ఖాళీ అవుతాయి. ప్రొటీన్, కొవ్వు తోడుంటే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, గ్లూకోజ్ నెమ్మదిగా ఎక్కుతుంది. మీరు ఆ రెండింటినీ ఉదయం నుంచి తీసేశారు. హెచ్‌బీఏ1సీ 6.1 ఉన్న మనిషి రోజు మొత్తంలోని పిండిలో ఎక్కువ భాగాన్ని ఒకే పూటలో, తోడు లేకుండా తినడం నాకు అసలు నచ్చని విషయం. భోజనం తర్వాత షుగర్ ఎంత ఎత్తుకు వెళుతుందన్నదే ఇప్పుడు మీరు జాగ్రత్తపడాల్సినది, ఈ పద్ధతి సరిగ్గా దాన్నే పెంచుతుంది.

మలబద్ధకం: రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలి. మీరు రాసిన జాబితాలో కూరగాయలు ఎక్కడా లేవు, చూసుకున్నారా? ఏ పూటకు చెందుతాయో తెలియక వాటిని వదిలేసినట్టున్నారు. నియమాలతో ఇదే చిక్కు. నియమంలో పేరు లేనిది పళ్లెంలోంచి కూడా పోతుంది.

బయటికి కనబడని నష్టం ఇంకోటి ఉంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. క్యారెట్, ఆకుకూరల్లోని కెరోటిన్లు ఒంటబట్టాలన్నా ఆ పూటలో కాస్త కొవ్వు ఉండాలి. 2004లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో పచ్చికూరల సలాడ్‌ను కొవ్వు బొత్తిగా లేని డ్రెస్సింగ్‌తో తిన్నవాళ్లకు కెరోటిన్లు దాదాపు ఏమీ ఒంటబట్టలేదు. నూనె ఉన్న డ్రెస్సింగ్‌తో తిన్నప్పుడు బాగా ఒంటబట్టాయి. ఇనుము సంగతీ అంతే. పప్పుల్లోని ఇనుము విటమిన్ సి తోడుంటే ఎక్కువ ఒంటబడుతుంది. మీ పండ్లు ఉదయం, పప్పులు మధ్యాహ్నం. అదే నిమ్మరసం పప్పులో పిండుకుంటే సరిపోయేది.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని భయపెట్టను. ధాన్యాల్లో లైసిన్ అనే ప్రొటీన్ ముక్క తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ అనే ముక్క తక్కువ, రెండూ ఒకే పూట తినకపోతే ప్రొటీన్ దండగ అని కొందరు చెబుతారు. అలా ఏమీ లేదు, ఒకే రోజులో రెండూ తింటే చాలు. అలాగే రోజు మొత్తం ప్రొటీన్‌ను ఒకే పూట తింటే వృథా అవుతుందన్న మాటా సరైంది కాదు. 2014లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ప్రొటీన్‌ను మూడు పూటలకు సమానంగా పంచితే కండరాల్లో ప్రొటీన్ తయారీ పాతిక శాతం ఎక్కువగా ఉంది. కానీ 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు, వ్యాయామం తర్వాత ఒకేసారి 100 గ్రాములు ఇచ్చినా శరీరం చాలా గంటలపాటు దాన్ని వాడుకుంటూనే ఉందని చూపారు. కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. అయినా మూడు పూటలకూ పంచుకోమనే చెబుతాను. ఎందుకంటే ప్రొటీన్ ఉన్న పూట కడుపు నిండుగా ఉంటుంది, మీకు ఉదయం లేనిది అదే.

మరి ఏం చేయాలి? మీకు నియమాలంటే ఇష్టంలా ఉంది. కాబట్టి విడదీయడం బదులు వరస మార్చండి. 2015లో అమెరికాలో కార్నెల్ వైద్య కళాశాల బృందం షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టింది. ఒకసారి బ్రెడ్ ముందు, పావుగంట తర్వాత చికెన్, కూరగాయలు. ఇంకోసారి చికెన్, కూరగాయలు ముందు, బ్రెడ్ చివర. బ్రెడ్ చివర తిన్నప్పుడు గంట తర్వాత చూసిన గ్లూకోజ్ 37 శాతం దాకా తక్కువగా ఉంది. తిండి అదే, కేలరీలు అవే. పదకొండు మందే కాబట్టి దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, కానీ ఇందులో మీకు పోయేదేమీ లేదు. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, పావు వంతు అన్నమో రొట్టో పెట్టుకోండి. ముందు కూరగాయలు, ప్రొటీన్ సగం దాకా తినేసి, ఆ తర్వాత అన్నం కలుపుకోండి. వంటకు నూనె స్పూన్‌తో కొలిచి వేయండి, సీసా ఎత్తి పోయకండి. ఉదయం పండ్లతో పాటు ఒక గుడ్డో, పెరుగో, గుప్పెడు గింజలో ఉండాలి. గుడ్డు తింటే పచ్చసొనతోనే తినండి. రాత్రికి వట్టి గింజలు, చీజ్ బదులు మధ్యాహ్నం లాంటి పళ్లెమే కాస్త చిన్నది చేసుకుని, పెందలాడే తినండి. సాయంత్రమయ్యేకొద్దీ గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి ఉదయం కంటే తగ్గుతుంది, కాబట్టి రాత్రి అన్నం కొంచెమే.

చిరుతిళ్ల విషయంలో మాత్రం ఈ ఆహార పద్ధతి మీకు నేర్పినదాన్ని వదలకండి. కొవ్వు, పిండి, చక్కెర కలిపి ప్యాకెట్లలో వచ్చేవాటిని ఇన్నాళ్లూ ముట్టలేదు కదా, అలాగే ఉండండి. మీ 3 కిలోల్లో సగం పుణ్యం దానిదే అని నా అనుమానం.

మీ స్థితిలో ఉన్నవాళ్లకు ఏది పనిచేస్తుందో బాగా తెలిసిన విషయమే. 2002లో ఫలితాలు వెలువడ్డ అమెరికా డయాబెటిస్ నివారణ అధ్యయనంలో 3 వేల మందికి పైగా పాల్గొన్నారు, అందరూ షుగర్ అంచున ఉన్నవాళ్లే. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో, మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన బృందంతో పోలిస్తే, సుమారు మూడేళ్లలో షుగర్ వచ్చినవాళ్లు 58 శాతం తక్కువ. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన బృందం కంటే కూడా మెరుగు. మీ 72 కిలోల్లో 7 శాతం అంటే 5 కిలోలు. సగం దారి దాటేశారు. మిగతా రెండు కిలోలకు తొందరపడకండి, రెండు మూడు నెలలు పట్టినా పర్వాలేదు. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఆ పూట గ్లూకోజ్ కూడా తగ్గుతుంది. ఆఫీసులో మధ్యాహ్నం అది కుదురుతుందేమో చూడండి.

నిజంగా విడదీయాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి మందులతో వస్తాయి. థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. ఐరన్ మాత్రను టీతో, పాలతో వేసుకోకూడదు. మీకు అలాంటి మందులేమైనా ఉంటే ఆ దూరం మాత్రం పాటించండి.

మీ అబ్బాయితో వాదించకండి, తిండి మీద ఉపన్యాసమూ ఇవ్వకండి. పన్నెండేళ్ల పిల్లవాడు ఎదిగే వయసులో ఉన్నాడు. పూటకో నియమం పెట్టుకుంటే వాడికి మొత్తం మీద తిండే తగ్గిపోతుంది. పైగా ఈ వయసులో తినేవాటిని మంచివి, చెడ్డవి అని విడగొట్టడం మొదలైతే అది కొందరు పిల్లల్లో ముదిరి పెద్ద ఇబ్బంది అవుతుంది. మీరు మళ్లీ పప్పు, అన్నం కలుపుకుని తినడం వాడు చూస్తే చాలావరకు సర్దుకుంటుంది. నెల తర్వాత కూడా వద్దంటూనే ఉంటే, బరువు తగ్గుతుంటే, పిల్లల డాక్టరుకు చూపించండి.

హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి, తిండి మార్చిన తర్వాత మూడు నెలలు నిండాకే మళ్లీ చేయించండి. ఈలోగా వీలైతే ఇంట్లో ఉన్న గ్లూకోమీటర్‌తోనే ఒకరోజు పాత పద్ధతిలో వట్టి పండ్లు, బ్రెడ్ తిన్న గంట తర్వాత, ఇంకోరోజు అంతే పండ్లు, బ్రెడ్‌ను గుడ్డు, కూరగాయల తర్వాత తిన్న గంటకు చూసుకోండి. ఆ రెండు అంకెలూ మీ అన్నయ్యకు పంపండి. నేను రాసిందాని కంటే ఆయన వాటిని త్వరగా నమ్ముతారు.